వార్డులోనే నేర్చుకుని ఇంటికి వెళ్దాం



"రేపు పంపించేస్తాం" అని డాక్టరుగారు రౌండ్స్‌లో ఒక్క మాట అనగానే రోగి తాలూకు మనుషులకు పరుగులు మొదలవుతాయి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒకరు, ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఒకరు, మందుల షాపు దగ్గర ఒకరు, బండి మాట్లాడటానికి మరొకరు. అన్నీ అయ్యేసరికి చేతిలో ఒక ఫైలు, ఒక మందుల సంచి మిగులుతాయి. సిస్టర్ వచ్చి ఐదు నిమిషాల్లో చెప్పేస్తుంది: "ఈ మాత్ర పొద్దున, ఇది రాత్రి. రెండు గంటలకోసారి ఒత్తిగిలించండి. పైపు జాగ్రత్త. పదిహేను రోజులకు ఓపీకి రండి." ఇంటివాళ్లు అన్నిటికీ తలూపుతారు. ఆ రాత్రే ఇంట్లో పెద్దాయనకు పొలమారుతుంది. లేదా బ్యాగులోకి యూరిన్ దిగదు. లేదా ముక్కులో పైపు సగం ఊడి బయటికొస్తుంది. ఎవరిని అడగాలో తెలియక ఇల్లంతా భయంతో తెల్లవారుతుంది.

నేను చాలాకాలం నరాల జబ్బుల వార్డులో నర్సుగా పనిచేశాను. పక్షవాతం వచ్చినవాళ్లు, తలకు దెబ్బ తగిలి స్పృహ పూర్తిగా రానివాళ్లు, వెన్నుపూస దెబ్బతిని కాళ్లు కదలనివాళ్లు ఎందరో ఆ వార్డు నుంచి ఇళ్లకు వెళ్లారు. వాళ్లలో కొందరు కొన్ని వారాలకే మళ్లీ మా దగ్గరికి వచ్చేవారు. చాలాసార్లు అసలు జబ్బు ముదిరి కాదు. నడుము కింద పుండు పడి, లేదా తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసి, లేదా మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో. వీటిలో ఎక్కువభాగం ఆపగలిగినవే. ఆపగలిగే చేతులు ఇంట్లోనే ఉన్నాయి. ఆ చేతులకు పని నేర్పకుండా మేమే పంపించేశాం.

అందుకే ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో సేవ చేయడం డిశ్చార్జ్ రోజున వినే విషయం కాదు. రోగి వార్డులో ఉండగానే, మంచం పక్కన నిలబడి, సొంత చేతులతో చేసి నేర్చుకోవాల్సిన పని.

మొదట తేల్చుకోవాల్సింది, ఎవరు నేర్చుకోవాలి అన్నది. వార్డులో పగలంతా కనిపించేది కొడుకో, అల్లుడో, మేనల్లుడో. డాక్టరుతో మాట్లాడేది వాళ్లే, సంతకాలు పెట్టేది వాళ్లే. ఇంటికి వెళ్లాక అన్నం పెట్టేది, ఒళ్లు తుడిచేది, అర్ధరాత్రి లేచి పక్కబట్టలు మార్చేది భార్య, కోడలు, కూతురు. సిస్టర్ చెప్పే జాగ్రత్తలు ఒకరి చెవిన పడతాయి, పని ఇంకొకరి మీద పడుతుంది. కాబట్టి మీ ఇంట్లో సేవ చేయబోయే మనిషి ఎవరో నిజాయితీగా ముందే అనుకోండి. ఆమెను, లేదా అతన్ని, డిశ్చార్జ్‌కు కనీసం మూడు నాలుగు రోజుల ముందే వార్డుకు రప్పించండి. పిల్లల్ని చూసుకోవడానికి, వంటకు వేరే ఏర్పాటు చేయండి. రెండో మనిషి కూడా నేర్చుకుని ఉంటే ఇంకా మంచిది. ఎందుకంటే నేర్చుకున్న మనిషికీ జ్వరం రావచ్చు, ఊరికి వెళ్లాల్సి రావచ్చు.

ఆసుపత్రి వరండాల్లో గంటల తరబడి ఖాళీగా కూర్చునే బంధువులకు పని నేర్పవచ్చన్న ఆలోచన మన దేశంలో ఇప్పటికే రూపు దిద్దుకుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు బెంగళూరు నారాయణ ఆసుపత్రికి వచ్చినప్పుడు, గుండె ఆపరేషన్ అయినవారి కుటుంబాలు ఆందోళనగా బయట ఎదురుచూడటం గమనించారు. ఆ ఎదురుచూసే సమయంలోనే వాళ్లకు ఇంటి సంరక్షణ నేర్పడం మొదలుపెట్టారు. అలా పుట్టిందే నూరా హెల్త్ అనే సంస్థ. ఇప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సులే వార్డుల్లో కుటుంబాలను కూర్చోబెట్టి, బొమ్మలతో, వీడియోలతో, చేసి చూపిస్తూ నేర్పుతున్నారు. మీ ఆసుపత్రిలో అలాంటి తరగతి ఉందేమో అడగండి. లేకపోయినా పర్వాలేదు. డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను, ఫిజియోథెరపిస్టును అడిగితే చాలు. పద్ధతి ఇదీ: మొదటిసారి వాళ్లు చేస్తుంటే చూడండి. రెండోసారి వాళ్లతో కలిసి చేయండి. మూడోసారి మీరు ఒక్కరే చేయండి, వాళ్లు చూసి సరిదిద్దుతారు. మూడోది జరగకుండా నేర్చుకున్నట్టు కాదు.

ఇక పనుల్లోకి వద్దాం. అన్నిటికంటే ముందు ఒత్తిగిలించడం.

తనంతట తాను కదల్లేని మనిషి ఒకే భంగిమలో గంటలకొద్దీ పడుకుంటే, ఎముకకూ పరుపుకూ మధ్య నలిగే చోట రక్తం ఆడదు. చర్మం చచ్చిపోయి పుండవుతుంది. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం, చెవి అంచు, ఇవన్నీ ప్రమాదపు చోట్లు. పగలైనా రాత్రైనా సుమారు రెండు గంటలకోసారి భంగిమ మార్చాలి. ఎలాగో చెబుతాను, ఊహించుకోండి. మామగారిని కుడిపక్కకు తిప్పాలి. మీరు ఆయన కుడివైపు మంచం పక్కన నిలబడండి. రెండోవైపు గోడ గానీ, మనిషి గానీ ఉండాలి. "మామయ్యా, ఇటు తిరుగుదాం" అని ముందే చెప్పండి. ఆయనకు పూర్తిగా అర్థం కావట్లేదనిపించినా చెప్పండి. ఎడమచేతిని నెమ్మదిగా ఛాతీ మీదికి తెచ్చి పెట్టండి. ఎడమ మోకాలు మడవండి. ఒక చేయి భుజం వెనక, ఒక చేయి తుంటి వెనక వేసి, ఆయన్ను మీవైపు దొర్లించండి. మీ నడుము వంచకుండా మోకాళ్లు వంచండి. లేకపోతే నెల తిరిగేసరికి మీరే నడుంనొప్పితో మంచం పడతారు. తిప్పాక వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మెత్తటి గుడ్డ మడత. చెవి నలగలేదు కదా, కింది భుజం ఒంటి కింద చిక్కుకోలేదు కదా అని ఒకసారి చూడండి.

తిప్పిన ప్రతిసారీ చర్మం చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉందంటే పుండు మొదలవుతోందని అర్థం. ఒంటి రంగు నలుపైతే ఎరుపు తెలియకపోవచ్చు. వేడిగా, గట్టిగా, లేదా మరీ మెత్తగా ఉందేమో తడిమి చూడండి. ఆ చోట గట్టిగా రుద్దకండి, మర్దన చేయకండి. దాని మీద బరువు పడకుండా చూడండి, నర్సుకు చెప్పండి. గాలి పరుపు కొన్నాం కదా అని ఒత్తిగిలించడం మానేయకండి. పరుపు సాయం చేస్తుందే తప్ప మీ పని మీరు చేయాల్సిందే. మంచం మీద పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి ఈడ్చకండి. కింద వేసిన దుప్పటిని ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని ఎత్తి జరపండి.

పక్షవాతం వచ్చినవాళ్ల విషయంలో ఇంకో మాట. పడిపోయిన చేతిని పట్టుకుని లేపడం, లాగడం ఎప్పుడూ చేయకండి. ఆ భుజంలో కండరాల పట్టు ఉండదు. ఒక్క లాగుతో కీలు జారవచ్చు. తర్వాత నెలల తరబడి నొప్పి. కూర్చున్నప్పుడు ఆ చేయి వేలాడకుండా ఒళ్లో దిండు మీద పెట్టండి.

రెండోది తిండి. పక్షవాతంలో చాలామందికి గుటక వేసే శక్తి దెబ్బతింటుంది. ప్రేమతో నోట్లో పోసిన చెంచాడు మంచినీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎలాంటి తిండి పెట్టవచ్చో, నీళ్లు నోటితో ఇవ్వచ్చో లేదో, డిశ్చార్జ్‌కు ముందు గుటక పరీక్ష చేయించుకుని తెలుసుకోండి. పెట్టవచ్చన్నప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, చిన్న చిన్న ముద్దలు పెట్టండి. ముందు ముద్ద పూర్తిగా మింగాకే తర్వాతది. తింటూ దగ్గినా, గొంతు తడిసినట్టు గరగరలాడినా ఆపేయండి. తిన్నాక నోరు శుభ్రం చేయండి. పడిపోయినవైపు బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి.

ముక్కులో పైపు ఉంటే, అంటే రైల్స్ ట్యూబ్ ఉంటే, దాని మీద ముక్కు దగ్గర ఉన్న గుర్తును ప్రతిసారీ చూడండి. గుర్తు బయటికి జరిగితే ఏమీ పోయకండి. తలవైపు బాగా ఎత్తి పెట్టి, వడకట్టిన జావో, పాలో సిరంజిలో పోసి దానంతట అది దిగనివ్వండి. బలంగా నెట్టకండి. మొదట, చివర కాస్త నీళ్లు పోస్తే పైపు పూడుకుపోదు. పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకండి. పైపు ఊడితే మీరు మళ్లీ పెట్టే ప్రయత్నం అసలు చేయకండి. అది పొట్టలోకి కాక ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణానికి ముప్పు. ఏ మాత్ర నూరి పైపులో పోయచ్చో, ఏది నూరకూడదో ఒక్కొక్కటీ చూపించి అడగండి. కొన్ని మాత్రలు నూరితే మందు ఒక్కసారిగా విడుదలై హాని చేస్తుంది.

మూడోది యూరిన్ పైపు. బ్యాగు ఎప్పుడూ నడుముకంటే కిందే ఉండాలి, అలాగని నేలను తాకకూడదు. మనిషిని తిప్పేముందు బ్యాగు సంగతి చూసుకోండి. లోపల బెలూను ఉంటుంది, లాగితే లోపల చిరుగుతుంది. బ్యాగు నిండిపోయేదాకా ఉంచకండి. ముట్టుకునేముందు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగండి. నాలుగు గంటలైనా యూరిన్ దిగక పొత్తికడుపు ఉబ్బినా, రక్తం కనిపించినా, చలితో జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి. పైపు ఎప్పుడు మార్చాలో, అసలు ఎప్పటిదాకా అవసరమో తేదీతో సహా రాయించుకోండి. అవసరం తీరిన పైపు లోపల ఉన్నన్నాళ్లూ ఇన్ఫెక్షన్‌కు దారి తెరిచి ఉన్నట్టే.

నాలుగోది మందులు. డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషులో ఉంటుంది. ఓడీ, బీడీ, టీడీఎస్ అని రాస్తారు. అంటే రోజుకు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఒక తెల్లకాగితం తీసుకుని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గళ్లు గీసి, ఒక్కో మాత్ర రంగు, అది దేనికో తెలుగులో రాసుకోండి. సిస్టర్‌తో సరిచూయించుకుని గోడకు అంటించండి. పాత బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు కొనసాగించాలా మానాలా అన్నది తప్పకుండా అడగండి. కొత్త చీటీలో ఉన్న మందే పాత డబ్బాలో వేరే కంపెనీ పేరుతో ఉండి, రెండూ వేసిన ఇళ్లున్నాయి. బీపీ తగ్గింది కదా అని ఎవరో చెప్పిన మాట విని మాత్ర ఆపితే రెండోసారి పక్షవాతం రావచ్చు. రక్తం పలచబడటానికి మందు వాడుతున్నవాళ్లు అడగకుండా నొప్పి మాత్రలు గానీ, పసరు మందులు గానీ వేయకూడదు.

అయిదోది, ఎప్పుడు పరుగెత్తాలో తెలియడం. మూతి వంకర పోవడం, చేయి గానీ కాలు గానీ కొత్తగా పడిపోవడం, మాట తడబడటం, ఉన్నట్టుండి చూపు తగ్గడం, ఫిట్స్, ఊపిరి ఆడకపోవడం, లేపినా లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తనాళంలో గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. లక్షణం మొదలైన సమయం గుర్తుపెట్టుకోండి. పక్షవాతానికి ఆకుపసరు పోస్తారని, పావురం రక్తం పూస్తారని మరో ఊరికి తీసుకెళ్లి ఆ గంటలు పోగొట్టుకోకండి.

ఇప్పుడొక ముఖ్యమైన మాట. కుటుంబానికి నేర్పితే చాలు, ఇక ఆసుపత్రి బాధ్యత తీరిపోయిందని ఎవరైనా అనుకుంటే అది తప్పు. పక్షవాతం వచ్చినవారికి ఇంట్లోవాళ్లే వ్యాయామాలు చేయించేలా శిక్షణ ఇస్తే కోలుకోవడం పెరుగుతుందా అని మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1250 మంది రోగులతో పెద్ద అధ్యయనం జరిగింది. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, శిక్షణ పొందిన కుటుంబాల్లోని రోగులకూ మామూలు పద్ధతిలో ఇంటికి వెళ్లినవారికీ మరణాల్లో గానీ, ఇతరుల మీద ఆధారపడటంలో గానీ తేడా కనబడలేదు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. పుండు పడకుండా, పొలమారకుండా, మందు తప్పకుండా చూడటం ఇంటివాళ్లు నేర్చుకోగలరు, నేర్చుకోవాలి. చచ్చుబడ్డ చేతికి కదలిక తెప్పించడం, పోయిన మాట రప్పించడం శిక్షణ పొందినవాళ్ల పని. ఫిజియోథెరపిస్టు పనిని కోడలి నెత్తిన వేసి, రోగి లేచి నడవకపోతే సరిగ్గా చేయించలేదని ఆమెను నిందించడం అన్యాయం. అటువంటి మాట ఇంట్లో ఎవరు అన్నా ఆపండి.

అందుకే ఇంటికి వచ్చి చూసే వ్యవస్థ కావాలి. అది ఎలా ఉంటుందో కేరళ చూపించింది. 1993లో కోళికోడ్ వైద్య కళాశాలలో కొందరు డాక్టర్లు నొప్పి, ఉపశమన చికిత్సల కోసం ఒక సంఘం ప్రారంభించారు. తర్వాత ఊళ్లలో మామూలు మనుషులే వాలంటీర్లుగా శిక్షణ పొంది, నర్సులతో కలిసి మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లసాగారు. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగం ఉంది. తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్, అంటే ఉపశమన చికిత్సా కేంద్రాలు ఏర్పడ్డాయి, అక్కడి బృందాలు ఇళ్లకు వెళ్లి డ్రెస్సింగ్ చేస్తాయి, నొప్పికి మందులిస్తాయి. డిశ్చార్జ్‌కు ముందే మీ జిల్లా ఆసుపత్రిలో అలాంటిది ఉందేమో కనుక్కోండి. మీ ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు కబురు చెప్పండి.

డబ్బు సంగతీ ముందే చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దివ్యాంగుల పింఛనుకు వైకల్య సర్టిఫికెట్ అడుగుతారు. దానికి ఏ కాగితాలు కావాలో వార్డులో ఉన్నప్పుడే అడిగి తీసుకోండి. మంచం పట్టిన మనిషిని కాగితాల కోసం మళ్లీ మళ్లీ ఆసుపత్రికి తిప్పడం కష్టం.

సేవ చేసే మనిషి గురించి కూడా ఆలోచిద్దాం. రాత్రి నాలుగుసార్లు లేచిన మనిషి పొద్దున్నే వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, మళ్లీ మంచం దగ్గరికి రావడం ఒక వారమైతే ఓర్చుకుంటుంది. నెలలైతే కుంగిపోతుంది. విసుగొస్తుంది. విసుగొచ్చినందుకు ఏడుపొస్తుంది. ఆమె మంచితనంలో లోపమేమీ లేదు, నిద్ర లేదు. అందుకే రాత్రి డ్యూటీలు పంచుకోండి. దూరంగా ఉన్న కొడుకులు, అమెరికాలో ఉన్న కూతుళ్లు ఫోనులో జాగ్రత్తలు చెప్పడంతో ఆపకుండా, నెలకు కొన్ని రోజులపాటు ఒక మనిషిని పెట్టే ఖర్చు భరించండి. వచ్చినప్పుడు ఆమెను పుట్టింటికి పంపి, ఆ వారం మీరు చేయండి.

రోగిని కూడా మరిచిపోవద్దు. మాట పోయినంత మాత్రాన మనసు పోలేదు. ఆయన ఎదుటే "ఇంకెన్నాళ్లో" అనకండి. లుంగీ మారుస్తున్నప్పుడు తలుపు వేయండి. ఈరోజు గడ్డం గీయమంటారా, రేడియో పెట్టమంటారా అని అడగండి. తల ఊపగలిగితే అదే జవాబు.

శ్రోతలారా, డిశ్చార్జ్‌కు ముందు అడగాల్సిన ప్రశ్నలు మరోసారి చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. ఒత్తిగిలించడం నేను చేస్తాను, చూసి సరిదిద్దుతారా? నోటితో ఏం పెట్టవచ్చు, ఏం పెట్టకూడదు? ఒక్కో పైపు ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు తీసేస్తారు? పాత మందుల్లో ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి? ఏం జరిగితే వెంటనే తీసుకురావాలి? రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ఇంటికి వచ్చి చూసేవాళ్లు ఎవరున్నారు?

వార్డుల్లో ఒక్క నర్సు మీద ఎంతమంది రోగుల భారం ఉంటుందో నాకు తెలుసు. అయినా నా తోటి సిస్టర్లకు నా మనవి: మీరు ఒత్తిగిలించే ప్రతిసారీ పక్కన ఉన్న భార్యనో కోడలినో పిలిచి చేయి వేయించండి. వేరే తరగతి పెట్టే తీరిక లేకపోయినా, చేసే పనిలోనే నేర్పవచ్చు. కుటుంబాలకు నా మనవి: అడగడానికి మొహమాటపడకండి, ఒకసారి అర్థం కాకపోతే మళ్లీ అడగండి. మీ ఇంటి మనిషిని మీ చేతుల్లో పెడుతున్నప్పుడు, ఆ చేతులకు పని నేర్పి పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిది.